గొఱ్ఱెల జీర్ణవ్యాధులలో రక్తామ్లదోషము - దాని నిదానము

(మహాసభ పశుపోషక గోష్ఠియందు చేసిన యుపన్యాసము)



విద్య, వసతిగృహములు, వివాహవ్యయము, రాజకీయ ప్రాతినిధ్యము మున్నగు విషయములపై ఈ వేదికనుండి పెద్దలు ప్రసంగించుట పరిపాటి. నేడు మాకు నిర్ణయింపబడిన విషయము వానివలె వినసొంపైనది గాదు. రోగముచే బడియున్న గొఱ్ఱె కడుపులో నేమి జరుగుచున్నది, దాని రక్తములో నేమి మాఱుచున్నది, ఆ మార్పును మన మెట్లు కనుగొనవలెను అనునదియే మా ప్రసంగము. మంద యెట్టిదో యెఱిగిన మనలో నెవ్వరును దీనిని స్వల్పవిషయముగా నెంచరు. పుల్లరి తగవులో నెల్లూరి నల్లసిద్ధితో పోరాడిన కాటమరాజును మనవారు నేటికిని గానము చేయుచున్నారు. ఆ పోరునకు మూలము పసుల మేతయే గదా! మేతనుబట్టి బ్రదుకు కులము మనది. కావున మేతవలన బుట్టు వ్యాధిని చక్కగా దెలిసికొనుట మనకు విధియై యున్నది.

2019వ సంవత్సరపు పశుగణనము ననుసరించి భారతదేశమునందలి గొఱ్ఱెలు సుమారు 7 కోట్ల 43 లక్షలు. అందు తెలంగాణమున 1 కోటి 91 లక్షలును, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలును గలవు. అనగా దేశములోని గొఱ్ఱెలలో ఇంచుమించు సగము తెలుగునేలమీదనే యున్నవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమ కుటుంబములకు 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున నూటికి 75 వంతుల రాయితీతో నిచ్చు పథకమును ప్రారంభించినది. ఇరువదియొక్క జీవములే యాస్తిగా గల యింటిలో నొక్క రాత్రి యైదు జీవములు చచ్చినచో, ఆస్తిలో నాలుగవ వంతు తెల్లవాఱునప్పటికి మట్టిపాలైనట్లే. ఆ యింటి పిల్లవాని చదువును, ఆ యింటి యప్పును దానితో ముడివడి యుండును. కావున నిది వైద్యులకు మాత్రమే సంబంధించిన మాట గాదు.

మేతలో వచ్చిన మార్పు

మన పూర్వులు మందలను గుట్టలవెంటను, బీళ్లవెంటను, చెఱువు శిఖములందును మేపిరి. ఆ మేత గడ్డియు, ఆకును, తుమ్మకాయయు నైనది. నేడు బీళ్లు తఱిగినవి. కోతలైన మొక్కజొన్న చేలు, జొన్న చేలు, వరి కొయ్యకాళ్లు మందలకు ముఖ్యాధారములైనవి. మాంసము కొఱకు పొట్టేళ్లను దొడ్డిలోనే కట్టి, ధాన్యము, తవుడు, పిండి పెట్టి పెంచువారును పెరిగిరి. పెండ్లి భోజనములలో మిగిలిన యన్నమును గంపలతో దెచ్చి మందకు పోయుటయు గలదు. ఇవన్నియు దప్పులని మేము చెప్పుట లేదు. కాని గడ్డికి నిర్మింపబడిన కడుపులో గింజ యొక్కసారిగా నిండినపు డేమగునో తెలియక పోయినచో, బలమునకై పెట్టిన మేతయే ప్రాణాపాయమగును.

కడుపులోని సంసారము

గొఱ్ఱె కడుపున నాలుగు అఱలు గలవు. అందు మొదటిదగు పెద్దపొట్ట యెడమ డొక్క నంతయు నాక్రమించి యుండును. అది సూక్ష్మజీవులకు నెలవు. మన కంటికి గానరాని బాక్టీరియములును, ప్రోటోజోవా లనబడు చిఱుజంతువులును గోట్లకొలది యందుండి గడ్డిని పులియబెట్టి, గొఱ్ఱెకు పనికివచ్చు పదార్థములుగా మార్చుచుండును. గొఱ్ఱె తినునది గడ్డియే యైనను, దానిని బ్రదికించునది యీ సూక్ష్మజీవుల కష్టము.

పులియుట యనగా ఆమ్లము పుట్టుట. ఆ యామ్లము పేరుకొనకుండ గాపాడునది నెమరు. గొఱ్ఱె దినమునకు ఆఱు లీటర్లకు తక్కువ గాకుండ, ఒక్కొక్కప్పుడు పది లీటర్లకు మించి లాలాజలమును మ్రింగును. ఆ లాలాజలమున మన వంటసోడాలో నుండు బైకార్బొనేటు అను క్షారపదార్థమే యుండును. పీచుగల మేత మేసిన కొలది నెమరు హెచ్చును. నెమరు హెచ్చిన కొలది క్షారము కడుపునకు జేరును. ఈ విధముగా ఆమ్లమును క్షారమును సరితూగుచుండును.

ఈ తూకమును గొలుచుటకు 1909లో డెన్మార్కు దేశస్థుడగు సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు పి.హెచ్. అను కొలతను గల్పించెను. అందు 7 అనునది సమస్థితి. అంతకు దిగువ నామ్లము, ఎగువ క్షారము. ఒక్క యంకె దిగినచో ఆమ్లము పదిరెట్లు పెరిగినట్లు. రెండంకెలు దిగినచో నూఱురెట్లు. ఆరోగ్యముగ నున్న గొఱ్ఱె పెద్దపొట్టలో నీ కొలత సాధారణముగా 6 మొదలు 7 వఱకు నుండును.

గొఱ్ఱె యొక్కసారిగా గింజలు బొక్కినపుడు, పిండిపదార్థమును శీఘ్రముగా పులియబెట్టు బాక్టీరియములు విజృంభించి లాక్టిక్ ఆమ్లమును బుట్టించును. ఇది మనకు గ్రొత్తది గాదు. పాలను దోడుపెట్టినపుడు పెరుగులో పులుపు గలిగించు నామ్లమే యిది. పెరుగుకుండలో మేలుచేయు నా పులుపు గొఱ్ఱె కడుపులో మితిమీఱినపుడు విషమగును. కొలత 5 కంటె దిగజాఱును. ప్రోటోజోవాలు చచ్చును. మంచి బాక్టీరియములు నశించును. పొట్ట కదలిక నిలిచిపోవును. పొట్టలోని ద్రవము చిక్కనగుటచే, ఉప్పులో నూరిన కాయనుండి నీరూరునట్లు, రక్తమునందలి నీరు పొట్టలోనికి లాగబడును. గొఱ్ఱె కడుపులో నీరు నిండియుండగనే దాని దేహము నీరులేక యెండిపోవును. ఆ యామ్లము పొట్టగోడనుండియు ప్రేగులనుండియు రక్తమున జేరి రక్తమునందలి క్షారమును హరించును. అదియే రక్తామ్లదోషము. 1952లో హంగేట్, డోహర్టీ, బ్రయంట్, సెల్లో అను అమెరికా శాస్త్రజ్ఞులు గొఱ్ఱెలయందే యీ మార్పులను బరిశోధించి ప్రకటించిరి.

పాఱుడువలన వచ్చు దోషము

గింజ యొక్కటియే దీనికి గారణము గాదు. పాఱుడు రోగముననుగూడ నిదే దోషము వేఱు దారిన వచ్చును. ప్రేగులలోని ద్రవమున క్షారము విస్తారముగ నుండును. విరేచనమైనపుడు నీటితోపాటు ఆ క్షారమును బోవును. 1831-32లో ఇంగ్లండున కలరా వ్యాపించినపుడు ఓషాగ్నెస్సీ యను యువవైద్యుడు రోగుల రక్తమును బరీక్షించి, అందు నీరును క్షారమును దఱిగినవని చూపెను. ఆ వెంటనే 1832లో స్కాట్లండున లాటా యను వైద్యుడు ఉప్పునీటిని నరములలోనికి బంపి కొందఱు రోగులను బ్రదికించెను. ఓషాగ్నెస్సీ తరువాత కలకత్తాకు వచ్చి వైద్యకళాశాలలో నాచార్యుడయ్యెను. నాడు మనుష్యునియందు గనిపెట్టబడిన ధర్మమే నేడు గొఱ్ఱెపిల్లయందును మనకు దీపమై యున్నది.

పసిపిల్లల విషయమున మఱియొక చిక్కు గలదు. పాఱుడుచే నీరు తఱిగినపుడు కాళ్లు చేతులకు రక్తప్రసారము తగ్గి, కండలయందు లాక్టిక్ ఆమ్లము పుట్టును. జీర్ణముగాని పాలు ప్రేగులలో పులిసి మఱికొంత యామ్లమును బుట్టించును. ఇట్లు పుట్టిన దానిలో దేహము త్వరగా గరగించుకొనలేని డి-జాతి లాక్టికామ్లమును గలదు. అందుచే పిల్ల త్రాగినవానివలె దూలును, నిలువలేదు, పాలు చీకదు. కొన్ని గొఱ్ఱెపిల్లలకును మేకపిల్లలకును విరేచనము లేకయే యిట్టి స్థితి కలుగుట గలదు.

నిదాన మేల?

ఇచ్చటనే మా ప్రసంగమున ముఖ్యమైన మాట. గ్రామములలో గొఱ్ఱె మేత మానిన వెంటనే సోడా త్రాగించు నలవాటు ప్రబలినది. గింజతిన్న గొఱ్ఱెకు సోడా యమృతమే. కాని మేత మానిన ప్రతి గొఱ్ఱెయు గింజతిన్న గొఱ్ఱె గాదు.

యూరియా కలిపిన నీటిని త్రాగిన గొఱ్ఱెను జూడుడు. పొలములయందు యూరియా గోనెలు తడిసిన నీరు, ఎరువు కలిపిన తొట్టినీరు మందకు దొరకుట సామాన్యము. ఆ గొఱ్ఱె వణకును, నోట నురుగు గ్రక్కును, కడుపుబ్బును, కొద్ది సేపటిలోనే పడిపోవును. దాని పెద్దపొట్టలో నున్నది ఆమ్లము గాదు, అమ్మోనియాక్షారము. కొలత 7½ దాటియుండును. దానికి సోడా పోసినచో అమ్మోనియా మఱింత శీఘ్రముగా రక్తమున జేరి ప్రాణము దీయును. దానికి దగినది వెనిగరువంటి పులుపు. ఒక్క దొడ్డిలో బడియున్న రెండు గొఱ్ఱెలలో నొకదానికి క్షారము మందు, రెండవదానికి పులుపు మందు. పైకి జూచినచో రెండును డొక్క యుబ్బి పడియున్నవే!

మఱియొకటి. కడపటి యఱనుండి ప్రేగునకు బోవు దారి మూసికొన్నపుడు, కడుపునం దూరిన యామ్లము వెనుకకే నిలిచి రక్తమున జేరదు. అప్పుడు రక్తమున క్షారమే హెచ్చును. ఇట్టి గొఱ్ఱెకు సోడా యిచ్చుట అగ్నిలో నాజ్యము బోయుటయే. కావున మందుకంటె ముందు నిదానము. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మన ప్రాచీనవైద్యులు రోగపరీక్షను మూడు విధములుగా జెప్పిరి. ఆ మూటిని పశువునకును వర్తింపజేసి, ఆపై నేటి పరీక్షలను జేర్తము.

ప్రశ్నము

గొఱ్ఱె మాటలాడదు, కాపరియే దాని నోరు. వైద్యుడు వచ్చినపుడు కాపరి నాలుగు సంగతులు చెప్పగలిగి యుండవలెను. నిన్నటినుండి మంద యెచ్చట మేసినది? క్రొత్త మేత యేదైన దొరకినదా? మేసిన యెన్ని గంటలకు జబ్బు కనబడినది? ఎన్ని గొఱ్ఱెలకు, ఏ వయస్సువానికి వచ్చినది? గింజవలని వ్యాధి సాధారణముగా మేసిన 12 మొదలు 36 గంటల లోపల బయటపడును. యూరియావలనిది కొద్ది నిమిషములలోనో, ఒకటి రెండు గంటలలోనో బయటపడును. ఈ యొక్క ప్రశ్నయే సగము నిదానమును దీర్చును. గోనె విప్పి గింజ తిన్న సంగతిని తిట్లకు వెఱచి దాచు పనివాడును గలడు. అతనిని తిట్టక, నిజము చెప్పినందుకు మెచ్చుకొను యజమానుని మంద బ్రదుకును.

దర్శనము, స్పర్శనము

గింజతిన్న గొఱ్ఱె మందకు వెనుకబడును. తల వ్రేలవేయును, పండ్లు కొఱుకును, నెమరు మానును. పెంటికలు వేయుటకు మాఱుగా పలుచని పసుపువన్నె విరేచనము చేయును. అందు పులిసిన వాసనయు, అఱుగని గింజలును గనబడును. తరువాత తూలును, పడుకొనును, తలను డొక్కకు ద్రిప్పుకొనును. కొన్నాళ్లు బ్రదికినవానిలో గిట్టలు వాచి కుంటునవియు గలవు.

ఎడమ డొక్కపై పిడికిలి యానించి యుంచినచో, ఆరోగ్యవంతమగు గొఱ్ఱెలో నిమిషమునకు ఒకటి రెండు మాఱులు పొట్ట కదలిక చేతికి దెలియును. రోగగ్రస్తమైనదానిలో ఆ కదలిక యుండదు. డొక్కను గదలించినచో నీటికుండను గదలించినట్లు చప్పుడగును. మెడమీది చర్మమును పట్టి విడిచినపుడు వెంటనే సర్దుకొనక మడతగా నిలిచినచో నీరు తఱిగినదని గుఱుతు. కన్నులు లోతునకు బోయినచో ఆ కొఱత తీవ్రమైనది. గొఱ్ఱె దేహోష్ణము సాధారణముగా ఫారన్‌హీటు 102, 103 డిగ్రీల ప్రాంతమున నుండును. ఆమ్లదోషమున నది సాధారణముగ నుండుటయో, తగ్గుటయో తఱచు. పిల్లల నోటిలో వ్రేలు పెట్టి చూడవలెను. నోరు వెచ్చగ నుండి వ్రేలిని గట్టిగా చీకినచో భయము తక్కువ. నోరు చల్లబడి చీకుట మానినచో దోషము ముదిరినది.

శ్వాసను ప్రత్యేకముగా గమనింపవలెను. రక్తమున నామ్లము హెచ్చినపుడు, దేహము బొగ్గుపులుసు గాలిని ద్వరగా వెడలగ్రక్కి యామ్లమును దగ్గించుకొన యత్నించును. కావున శ్వాస లోతుగను, వేగముగను నడచును. దీనిని జూచి యూపిరితిత్తుల రోగమని భ్రమించుట కలదు. దగ్గు, ముక్కుచీమిడి, జ్వరము లేక శ్వాస మాత్రము వేగముగ నున్నచో, కడుపువైపు జూడవలెను.

వేఱు వ్యాధులను గూడ మఱవరాదు. చిటుకురోగము బాగుగ బలిసిన పిల్లలను గొద్ది గంటలలో గొట్టుకొనునట్లు చేసి చంపును. అదియు గింజమేతవలన బ్రేరేపింపబడును గనుక రెండును గలిసి వచ్చుట కలదు. ముసరరోగము, అనగా పి.పి.ఆర్., జ్వరము, నోటిపుండ్లు, ముక్కుచీమిడి, పాఱుడులతో గూడి మంద కంతకు వ్యాపించును. అది మన దేశమున మొదట 1987లో తమిళనాడున గుర్తింపబడెను. ఈనుటకు ముందు నాలుగైదు వారములలో, కవలపిల్లలను మోయు గొఱ్ఱె మేత చాలక పడిపోవుట మఱియొక వ్యాధి. అందును రక్తామ్లదోషము గలదు. గాని దాని మూలము కొవ్వు గరగుటవలన బుట్టిన కీటోనులు. దానికి గింజ తగ్గించుట గాదు, శక్తినిచ్చు మేత యిచ్చుటయే కర్తవ్యము. చూచితిరా! దోషము పేరొక్కటియే యైనను మూలమునుబట్టి చికిత్స తాఱుమాఱగుచున్నది.

పొట్టద్రవము, మూత్రము

వైద్యుడు నోటిద్వారా గొట్టము పంపియో, డొక్కనుండి సూదితోనో పెద్దపొట్టలోని ద్రవమును గొంచెము తీయును. ఆరోగ్యవంతమైన ద్రవము ఆకుపచ్చగనో, గోధుమవన్నె గలిసిన పచ్చగనో యుండును. అందు చెడువాసన యుండదు. సూక్ష్మదర్శినిక్రింద ప్రోటోజోవాలు చీమలబారువలె గదలాడుచు గనబడును. ఆమ్లదోషమున ద్రవము పాలవలె బూడిదవన్నె గలదై, పుల్లని వాసన వేయును, ప్రోటోజోవాలు కదలవు. రంగుకాగితమును దానిలో ముంచినచో పి.హెచ్. కొలత తెలియును. అది 5½ కంటె దిగువకు వచ్చినచో జాగ్రత్తపడవలెను. 5 కంటె దిగువ నున్నచో గింజవలని తీవ్రవ్యాధి యని చెప్పవచ్చును. గొట్టముతో దీసిన ద్రవమున లాలాజలము గలిసినచో కొలత నిజముకంటె హెచ్చుగ గనబడును గనుక, మొదట వచ్చిన కొంత ద్రవమును పాఱబోసి తరువాతిదానిని బరీక్షింపవలెను.

మూత్రపరీక్ష కాపరియు జేయదగినది. పడుకొన్న గొఱ్ఱెను లేపినపుడు తఱచుగా మూత్రించును. గడ్డిమేయు జంతువుల మూత్రము సహజముగా క్షారగుణము గలది. కొలత ఇంచుమించు 7½ మొదలు 8½ వఱకు నుండును. అది 6 లోపునకు దిగినచో దేహమున నామ్లము హెచ్చినదని యనుమానింపవచ్చును. అయితే రెండు మూడు దినములు మేత మానిన గొఱ్ఱె మూత్రమును నామ్లముగ మాఱును. కావున నిది సాక్షియే గాని తీర్పు గాదు. కొందఱు పసుపు పూసిన కాగితము చాలునందురు. పసుపు సున్నమువంటి క్షారము తగిలినపు డెఱ్ఱబాఱునుగాని, ఆమ్లమును జూపదు. దీనికి వైద్యులు వాడు రంగుకాగితమే కావలెను. అది ఖరీదైనది గాదు.

రక్తపరీక్ష

తుదితీర్పు రక్తమునది. మెడనరమునుండి గాలి చేరకుండ రక్తమును దీసి, మంచునీటిలో నుంచి, త్వరగా యంత్రమున బరీక్షింపవలెను. గాలి తగిలినచో అందలి వాయువు పోయి లెక్క తప్పును. ఆరోగ్యవంతమైన గొఱ్ఱె రక్తపు కొలత ఇంచుమించు 7.35 మొదలు 7.45 వఱకు నుండును. బైకార్బొనేటు లీటరునకు ఇంచుమించు 20 మొదలు 25 మిల్లీమోలు లుండును. రెండును దగ్గి, బొగ్గుపులుసు గాలియు దగ్గియున్నచో, అది జీర్ణాదికారణములవలన గలిగిన రక్తామ్లదోషము. కొలత 7.2 కంటె దిగినచో ప్రాణాపాయము సమీపించినది.

ఆ యామ్లమెక్కడిదో గనుగొనుటకు జమాఖర్చు లెక్క యొకటి గలదు. రక్తమున సోడియము, పొటాసియము లొకవైపు. క్లోరైడు, బైకార్బొనేటు లొకవైపు. సోడియము 145, పొటాసియము 5 గలిసి 150. క్లోరైడు 105, బైకార్బొనేటు 25 గలిసి 130. మిగిలినది 20. ఇది సాధారణము. ఒక గొఱ్ఱెలో క్లోరైడు 105గనే యుండి బైకార్బొనేటు 10కి దిగినచో మిగులు 35 అగును. అనగా లెక్కలో బేరులేని యామ్లమేదియో వచ్చి చేరినది. అది లాక్టికామ్లము గాని, కీటోనులు గాని, చెడిన మూత్రపిండముల మలినములు గాని యగును. మఱియొక గొఱ్ఱెలో బైకార్బొనేటు 10కి దిగి, క్లోరైడు 120కి హెచ్చినచో మిగులు 20గనే నిలుచును. అనగా క్రొత్తయామ్లము రాలేదు, క్షారమే విరేచనమున బోయినది. స్టూవర్టు అను శాస్త్రజ్ఞుడు ఈ లవణముల భేదమును ముఖ్యముగా గొని ఆమ్లక్షారములను వివరించు పద్ధతిని బ్రకటించెను. అది నేడు పశువైద్యులకును మిక్కిలి యుపకరించుచున్నది.

కొలిచి యిచ్చు చికిత్స

నిదానము తేలినపుడు మందును గొలిచి యీయవచ్చును. వైద్యులు రక్తమున దఱిగిన క్షారపు టంకెను గొఱ్ఱె బరువుతోను, దశాంశమున 0.3తోను గుణింతురు. 30 కిలోల గొఱ్ఱెలో కొఱత 15 అయినచో, 15ను 30తోను, 0.3తోను గుణింప 135 మిల్లీమోలులు. ఒక గ్రాము సోడాలో ఇంచుమించు 12 మిల్లీమోలులు గలవు గనుక, 11 గ్రాములకు కొంచె మెక్కువ కావలెను. దీనిని నూటికి 1.3 పాళ్లు గల ద్రావణముగ జేసినచో ఇంచుమించు 870 మిల్లీలీటర్లగును. పసిపిల్లలలో 0.3కు మాఱుగా 0.5 గాని 0.6 గాని వాడుదురు. ఈ లెక్కను మీ రింట జేయవలెనని చెప్పుట లేదు. నరమునకు మందు పంపుట వైద్యుని పని. కొలుచుటకును గ్రుడ్డిగా బోయుటకును గల యంతరము తెలియుటకే దీనిని జెప్పితిమి.

అతిగా తిన్న గొఱ్ఱెలో పొట్టను గోసి గింజ దీయుటయు, ఆరోగ్యవంతమగు గొఱ్ఱె పొట్టద్రవమును రోగికి బోయుటయు, బి1 విటమిను సూది వేయుటయు వైద్యులు చేయు పనులు. వైద్యుడు వచ్చులోపల మీరు చేయదగినవి మూడు. గింజను వెంటనే దొలగించి ఎండుగడ్డి మాత్రమే యుంచుడు. తిన్నవానిని దినని వానినుండి వేఱుచేసి గుఱుతు పెట్టుడు. పడిన గొఱ్ఱెను వెల్లకిల బడకుండ ఱొమ్ముపై గూర్చుండబెట్టుడు. వైద్యుని సలహాపై సోడా యిచ్చునపుడు వంటసోడా మాత్రమే వాడుడు. బట్టలసోడా నోటిని, గొంతును గాల్చును. పడి, మ్రింగలేని గొఱ్ఱె నోట బలవంతముగా నీరు బోసినచో ఊపిరితిత్తులలోనికి బోయి చచ్చును.

పాఱుడుగల పిల్లల విషయమున నీరే ప్రాణము. 4 కిలోల పిల్ల తన బరువులో నూటికి 10 వంతులు నీరు గోల్పోయినచో అది 400 మిల్లీలీటర్లు. తల్లిపాలు మాన్పక, లవణములు గలిపిన నీటిని కొద్దికొద్దిగా బలుమాఱు త్రాగింపవలెను. చీకుట మానిన పిల్లను ఆలసింపక వైద్యునికి జూపవలెను. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల సాయము గోరవచ్చును.

నివారణోపాయములు

రాకుండ జేయుట వచ్చినదానిని మాన్పుటకంటె సులభము. కోతచేనిలోనికి మందను ఆకలితో దోలరాదు. ముందు గడ్డితో గొంత కడుపు నింపి, మొదటి దినము కొద్దిసేపే మేపి, దినదినము పెంపవలెను. దొడ్డి పొట్టేళ్లకు గింజను రెండు మూడు వారములలో గ్రమముగా హెచ్చింపవలెను. మెత్తని పిండికంటె విడిగింజ నెమ్మదిగా పులియును గనుక మేలైనది. పీచుమేత యేనాడును మానరాదు. గోనెలను గొఱ్ఱెలకు అందనిచోట నుంచవలెను. విందుల యన్నమును మందకు గుప్పలుగా బోయరాదు. చిటుకురోగమునకు టీకాను తొలకరికి ముందే వేయించుకొనవలెను.

తుదివిన్నపము

పోషకమహాశయులారా! మన మహాసభ యేటేట విద్యార్థివేతనముల నొసంగుచున్నది. 2005లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును, 2014లో హైదరాబాదున పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయమును వెలసినవి. గొఱ్ఱెలకాపరి బిడ్డ పశువైద్యుడగుటకంటె మన కులమునకు దగిన గౌరవమేది? ఆ చదువు చదువు మన బిడ్డలకు వేతనములలో గొంత ప్రత్యేకింపుడని కోరుచున్నాము. రెండవది, ప్రతి గ్రామశాఖకు రంగుకాగితముల పెట్టె, ఉష్ణమాపకము, లవణపు పొట్లములు గల చిన్న సంచి యొకటి యీయగలిగినచో దాని వ్యయ మొక గొఱ్ఱె వెలకు మించదు. మూడవది, జిల్లాకొక చోటనైన గొఱ్ఱె రక్తమును వెంటనే బరీక్షించు యంత్ర ముండునట్లు ప్రభుత్వమునకు మహాసభపక్షమున విన్నవింప బ్రార్థించుచున్నాము.

కాపరి సోదరులారా! రాత్రి దొడ్డి మూయుటకు ముందు ఒక్కమాఱు మంద నడుమ నడచి చూడుడు. నెమరువేయు మంద క్షేమముగ నున్నది. నెమరు మానిన గొఱ్ఱె కనబడినచో, సోడాసీసాకు బరువెత్తకుడు. అది నేడేమి మేసినదని మొదట నడుగుడు. ఆ ప్రశ్నతోనే నిదాన మారంభమగును. ఆ నిదానముననే మీ మంద ప్రాణ మున్నది.